ట్యూబు తెరయు పలుచని తెరయు: ఏది పొదుపు?

ఆవును కొనబోవువాడు ధర యొక్కటే విచారింపడు. పూటకు పాలెన్ని యిచ్చును, మేత యెంత వేయవలెను, ఎన్నవ యీత అని కూడ అడుగును. ధర ఒకనాడు చెల్లించి మరచునది. మేత అనుదినము పెట్టవలసినది. ఈ వివేకము మన పెద్దలకు పశువుల సంతలో పుష్కలముగా నున్నది. కాని విద్యుత్తుతో నడచు వస్తువులను కొనుచోట మాత్రము మనము దీనిని తరచుగా మరచుచున్నాము. ధర చీటీని చూచి వస్తువును ఇంటికి తెచ్చుకొందుము. దాని మేత సంగతి, రెండు నెలలు గడచి కరెంటు బిల్లు చేతికి వచ్చినప్పుడు గాని తలపునకు రాదు.

బడులు తెరచు దినములలో మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుచుందురు. ఒకటి: పిల్లవాని చదువునకు కంప్యూటరు కావలెను, ఎరిగినవారెవరో పాత ట్యూబు మానిటరును ఊరకే గాని, నాలుగైదు వందలకు గాని ఇత్తుమనుచున్నారు, తీసికొనవచ్చునా? రెండవది: ఇంటిలో పాత డబ్బా టీవీయో, డబ్బా మానిటరో ఇంకను చక్కగా పనిచేయుచున్నది, అంగడివారు "పలుచనిది కొనుడు, కరెంటు ఆదాతోనే ధర తిరిగి వచ్చును" అని చెప్పుచున్నారు, అది నిజమేనా?

ఈ రెండు ప్రశ్నలును ఒకే ప్రశ్నవలె తోచును. కాని వీనికి జవాబులు వేరు. అవి యెట్లు వేరో, ఏ లెక్కతో తేలునో తెలుపుటకే ఈ వ్యాసము. ఐదవ తరగతి గుణకారము వచ్చినవారెల్లరు ఈ లెక్కను చేయగలరు.

రెండు తెరలు పనిచేయు విధము

ముందుగా ఈ రెండు తెరలును విద్యుత్తును ఏల వేరువేరు పరిమాణములలో తీసికొనునో తెలిసికొనవలెను. ట్యూబు తెరకు మూలమైన గొట్టమును 1897లో ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నిర్మించెను. గాలి తీసివేసిన గాజు బుడ్డి యొకటి. దాని మెడలో ఒక చిన్న లోహభాగము ఎఱ్ఱగా కాలుచు ఎలెక్ట్రానులను వెడలించును. రంగుల ట్యూబులలో సుమారు 25,000 వోల్టుల ఒత్తిడి వానిని ముందునకు లాగును. మెడకు చుట్టిన రాగి తీగచుట్టలు వానిని కుడియెడమలకును, క్రిందుమీదులకును త్రిప్పును. అవి తెర లోపలి పూతకు తాకినచోట వెలుగు పుట్టును. ఇట్లు సెకనునకు పలుమారులు తెరయంతయు గీయబడుచుండును. కాల్చుట, లాగుట, త్రిప్పుట అను ఈ మూడు పనులకును విద్యుత్తు కావలెను. అందు చాల భాగము వెలుగు కాక వేడిమియై పోవును. పాత మానిటరు వెనుక చేయి పెట్టినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

పలుచని తెర మార్గము వేరు. ద్రవస్ఫటికములు అను వింత పదార్థమును 1888లో రైనిట్జరు అను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు గమనించెను. వానితో తెరను చేయవచ్చునని అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థవారు 1968లో ప్రదర్శించి చూపిరి. ఈ తెర తానుగా వెలుగదు. దీని వెనుక ఒక దీపము ఎల్లప్పుడు వెలుగుచుండును. ముందున్న లక్షలాది ద్రవస్ఫటికపు బిందువులు కిటికీ రెక్కలవలె తెరచుకొనుచు, మూసికొనుచు ఆ వెలుగును కావలసినంత మట్టుకు పోనిచ్చును. రెక్కను కదల్చుటకు పట్టు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. కావున ఖర్చులో పెద్ద పాలు వెనుకటి దీపముదే.

ఆ దీపము తొలుత సన్నని ట్యూబులైటు. తరువాత తెల్లని ఎల్.ఇ.డి. దీపములు వచ్చెను. నీలి ఎల్.ఇ.డి. లేనిదే తెల్లని ఎల్.ఇ.డి. లేదు; ఆ నీలి దీపమును కనుగొన్నందులకే జపానులో జన్మించిన అకసాకి, అమనో, నకమురా అను మువ్వురికి 2014లో భౌతికశాస్త్రపు నోబెలు బహుమానము లభించెను. అంగడిలో "ఎల్.సి.డి." అనియు "ఎల్.ఇ.డి." అనియు చెప్పు మానిటర్లు రెండును ద్రవస్ఫటికపు తెరలే, తేడా వెనుకటి దీపములో మాత్రమే యున్నది. వాడిన పలుచని మానిటరును కొనువారు ఈ తేడాను అడిగి తెలిసికొనవలెను.

మేత లెక్క

వేయి వాట్ల వస్తువును ఒక గంట వాడినచో ఒక యూనిటు ఖర్చగును. ఇదియే మూలసూత్రము. వస్తువు వాట్లను వాడు గంటలచే గుణించి, వేయిచే భాగించినచో యూనిట్లు వచ్చును.

17 అంగుళముల ట్యూబు మానిటరు సాధారణముగా 70 మొదలు 90 వాట్ల వరకు తీసికొనును. మన లెక్కకు 75 వాట్లని పెట్టుకొందము. అంతటి పలుచని తెర, వెనుక ట్యూబులైటు గలదైనచో సుమారు 35 వాట్లు, ఎల్.ఇ.డి. గలదైనచో సుమారు 20 వాట్లు. మీ మానిటరు వెనుక అంటించిన చీటీమీద వాట్లు గాని, వోల్టులు ఆంపియర్లు గాని వ్రాసియుండును. చీటీమీది సంఖ్య గరిష్ఠమును తెలుపును. నిజమైన వాడుక అంతకు కొంత తక్కువగానే యుండును.

పిల్లవాడు దినమునకు మూడు గంటలు కంప్యూటరు ముందు కూర్చుండుననుకొందము. మన తమిళనాట బిల్లు రెండు నెలలకు ఒకమారు వచ్చును గనుక 60 దినములకు లెక్క వేయుదము. మొత్తము 180 గంటలు. ట్యూబు మానిటరునకు 13.5 యూనిట్లు, ట్యూబులైటు గల పలుచని దానికి 6.3 యూనిట్లు, ఎల్.ఇ.డి. దానికి 3.6 యూనిట్లు. అనగా డబ్బా తెరకును, ఎల్.ఇ.డి. తెరకును రెండు నెలలకు భేదము ఇంచుమించు 10 యూనిట్లు. ఈ పది యూనిట్ల సంఖ్యను మనసున నుంచుకొనుడు. వాని విలువ ఎంత అనునదియే అసలు ప్రశ్న.

మూడు ఇండ్లు, మూడు ఖర్చులు

పది యూనిట్లకు ఇంత రూపాయలని ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. ఏలయన, ఇండ్లకు విద్యుత్తును మెట్లు మెట్లుగా అమ్ముదురు. వాడుక హెచ్చినకొలది యూనిటు ధరయు హెచ్చును. కావున బిల్లును మొత్తము యూనిట్లచే భాగించి వచ్చిన సగటు ధరతో లెక్క వేయరాదు. మీ యింటి వాడుక ఏ మెట్టున ముగియుచున్నదో ఆ మెట్టు ధరతో వేయవలెను. ఆదా చేసినప్పుడు తగ్గునది పై మెట్టే గదా.

ఉదాహరణకు 2022 సెప్టెంబరులో తమిళనాట అమలునకు వచ్చిన పట్టికను చూతము. రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితము. ఈ ఉచితము 2016లో మొదలైనది. మొత్తము వాడుక 500 యూనిట్లకు మించనిచో, 101 మొదలు 200 వరకు యూనిటు 2.25 రూపాయలు, 400 వరకు 4.50 రూపాయలు, 500 వరకు 6 రూపాయలు. వాడుక 500 దాటినచో రాయితీ తగ్గి, 101 మొదలు 400 వరకు అన్ని యూనిట్లకును 4.50 పడును; 500 పైన మొదటి నూరు యూనిట్లకు 8 రూపాయలు. తరువాతి యేండ్లలో అంకెలు మారినవి గాని, లెక్క వేయు పద్ధతిని తెలిసికొనుటకు ఇవి చాలును.

ఇప్పుడు మూడు ఇండ్లను తీసికొందము. మూడింటను అదే ట్యూబు మానిటరు, అదే మూడు గంటల వాడుక.

మొదటి యింట రెండు నెలలకు మొత్తము 80 యూనిట్లే ఖర్చగుచున్నది. రెండు దీపములు, ఒక ఫ్యాను, ఈ మానిటరు. పలుచనిది కొన్నచో 70 యూనిట్లగును. 80కిని బిల్లు లేదు, 70కిని లేదు. ఆదా సున్న.

రెండవ యింట 300 యూనిట్లు. పైనున్న మెట్టు 4.50. పది యూనిట్లు తగ్గినచో ఆదా 45 రూపాయలు. సంవత్సరమునకు ఆరు బిల్లులు గనుక 270 రూపాయలు. కొత్త మానిటరును 6,000 రూపాయలకు కొన్నారనుకొన్నచో, కరెంటు ఆదాతో ఆ ధర తిరిగి వచ్చుటకు 22 సంవత్సరములు పట్టును. అప్పటికి ఆ పిల్లవాని పిల్లలు బడికి వచ్చుచుందురు.

మూడవ యింట 505 యూనిట్లు. ఇచట బిల్లు 1,990 రూపాయలు. పది యూనిట్లు తగ్గి 495 అయినచో బిల్లు 1,695 రూపాయలు. ఆదా 295 రూపాయలు! తెర అదియే, గంటలు అవియే. కాని ఆ పది యూనిట్లు మెట్టు అంచున నున్నందున ఇంత భేదము వచ్చినది. ఐతే ఈ యింటివారు మానిటరును మార్చకయే, ఖాళీ గదిలో తిరుగు ఫ్యానును ఆపి యైనను ఆ యంచును దాటకుండ నుండవచ్చును.

దీనినిబట్టి అంగడివారి మాట విలువ తెలియుచున్నది. పలుచని తెర తక్కువ విద్యుత్తును తీసికొనుననుట పూర్తిగా నిజము. ఆ యాదాతోనే ధర తిరిగి వచ్చుననుట మాత్రము, దినమునకు రెండు మూడు గంటలు వాడు సామాన్య కుటుంబము విషయమున, నిజము కాదు. అట్టి కుటుంబము, చక్కగా పనిచేయు పాత తెరను కరెంటు పేరిట మాత్రమే తీసివేసి అప్పుచేసి కొత్తది కొనుట పొదుపు కాదు. అప్పుపై వడ్డీయే ఆదాను మ్రింగివేయును.

టీవీల సంగతియు ఇట్టిదే. 2006 మొదలు 2011 వరకు తమిళనాడు ప్రభుత్వము కుటుంబములకు ఉచితముగా పంచిన 14 అంగుళముల రంగుల టీవీలు ట్యూబు టీవీలే. అంతటి టీవీ 50, 60 వాట్లు తీసికొనును. దానిని తీసివేసి 43 అంగుళముల పలుచని టీవీని గోడకు తగిలించినచో, అది 80 వాట్ల వరకు తీసికొనవచ్చును. పలుచనైనంతమాత్రమున తెరకు ఆకలి తగ్గదు. తెర వైశాల్యము పెరిగినకొలది వెనుకటి దీపములును పెరుగును. పెద్ద బొమ్మ కావలెనని కొనుట తప్పు కాదు గాని, దానిని ఆదా అని పిలువరాదు.

ఆపని తెర

ఏ తెర అన్నదానికంటె, ఎన్ని గంటలు వెలుగుచున్నది అన్నది ముఖ్యము. ట్యూబు మానిటరును మూడు గంటలు వాడి ఆపివేసినచో ఖర్చు 225 వాట్-గంటలు. ఎల్.ఇ.డి. మానిటరును ఉదయము వేసి, రాత్రివరకు 12 గంటలు ఆపక వదలినచో 240 వాట్-గంటలు. అనగా, అజాగ్రత్తగా వాడిన కొత్త తెర, జాగ్రత్తగా వాడిన పాత తెర కంటె ఎక్కువ తినును. పొదుపు సగము వస్తువులో, సగము వ్రేళ్ళలో ఉన్నది.

ఇచట ఒక భ్రమను గూర్చి చెప్పవలెను. తెరమీద చేపలు ఈదుట, గీతలు నాట్యమాడుట వంటి స్క్రీను సేవరును చూచి, తెర విశ్రమించుచున్నదని పిల్లలు తలంతురు. అది విద్యుత్తును మిగుల్చుటకు పుట్టినది కాదు. ట్యూబు తెరపై ఒకే బొమ్మ చిరకాలము నిలిచినచో లోపలి పూతపై మచ్చ పడును. దానిని నివారించుటకు పుట్టినది. చేపలు ఈదినంతసేపును మానిటరు విద్యుత్తును తీసికొనుచునే యుండును. పలుచని తెరపై నల్లని బొమ్మ పెట్టినను సాధారణముగా ఆదా లేదు. రెక్కలు మూసికొన్నవే గాని వెనుక దీపము వెలుగుచునే యున్నది. ఆదా కావలెనన్నచో పది నిమిషములు ఎవరును తాకనప్పుడు తెర తానే నిద్రించునట్లు కంప్యూటరులో అమర్పవలెను. వెలుగు ప్రమాణమును కన్నులకు హాయియగునంత మట్టుకు తగ్గించినచో, పలుచని తెర ఖర్చు ఇంకను తగ్గును.

రిమోటుతో ఆపిన పాత టీవీ కూడ పూర్తిగా నిద్రింపదు. కొన్ని పెట్టెలు అట్టి స్థితిలో 5 వాట్లు తీసికొనుచునే యుండును. దినమునకు 21 గంటల చొప్పున సంవత్సరమునకు ఇది 38 యూనిట్లు. పైన చెప్పిన ఎల్.ఇ.డి. మానిటరు సంవత్సరమంతయు నిజముగా పనిచేసి తీసికొనునది సుమారు 22 యూనిట్లే. గోడమీది స్విచ్చిని నొక్కుటకు పైసా ఖర్చు లేదు గదా.

బిల్లున కానరాని ఖర్చులు

కరెంటు బిల్లుతోనే లెక్క ముగిసినచో, ఊరకే వచ్చిన ట్యూబు మానిటరును కాదనుటకు కారణము కనబడదు. కాని కొన్ని ఖర్చులు బిల్లున కానరావు.

మొదటిది మరమ్మతు. ఇండ్లకును, బడులకును కావలసిన ట్యూబు మానిటర్లు ఇప్పుడు కొత్తవి తయారగుట లేదు. ఎక్కువ వోల్టుల ఒత్తిడిని పుట్టించు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినచో, మరియొక పాత పెట్టెనుండి ఊడదీసి వేయవలసినదే. బాగుచేయ నేర్చిన మెకానిక్కులును తగ్గుచున్నారు. ట్యూబు వయసు మీరినకొలది తెర మసకబారును, పిల్లవాడు వెలుగును పెంచును, అక్షరములు అలుకుకొనిపోవును. ఆ దశకు వచ్చిన పెట్టెయే సాధారణముగా ఉచితముగా చేతులు మారును. ఇచ్చువారు దురుద్దేశముతో ఇత్తురని కాదు. వారికిని అది భారమైనందుననే ఇత్తురు.

పలుచని తెరకును రోగములున్నవి. దాని వెనుకటి దీపములు సాధారణముగా 30,000 గంటలకు పైగా నిలుచును. దినమునకు మూడు గంటల చొప్పున ఇది తరగని ఆయువు. కాని విద్యుత్తును సరిచేయు పలకమీది చిన్న కెపాసిటర్లు ఉబ్బి, మానిటరు వెలుగక పోవుట కద్దు. ఇది తేలికగా బాగగును. అసలు భయము తెర పగులుట. ట్యూబు ముందరి గాజు మందము. బంతి తగిలినను సాధారణముగా ఓర్చుకొనును. పలుచని తెర ఒక్క దెబ్బకు పగులును. పగిలినదానిని మార్చుటకంటె కొత్తది కొనుటయే మేలగును. చిన్నపిల్లలున్న యింట దీనిని గోడవైపున, బల్ల అంచునకు దూరముగా ఉంచుట ఒక పొదుపే.

రెండవది కరెంటు పోయినప్పటి బ్యాటరీ. ఇండ్లలో వాడు చిన్న యూ.పి.ఎస్.లో 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ యుండును. అందలి నిలువ 84 వాట్-గంటలు. కంప్యూటరు పెట్టె 100 వాట్లు తీసికొనుననుకొన్నచో, ట్యూబు మానిటరుతో కలిపి 175 వాట్లు. కాగితపు లెక్కకు సుమారు 29 నిమిషములు. ఎల్.ఇ.డి. మానిటరుతో 120 వాట్లు, 42 నిమిషములు. నిజమునకు రెంటను ఇంతకు బాగుగా తక్కువయే వచ్చును గాని, భేదము మాత్రము నిలుచును. భారము తగ్గినకొలది బ్యాటరీ ఆయువును పెరుగును.

మూడవది వేడిమి. మానిటరు తీసికొన్న విద్యుత్తంతయు కడకు గదిలో వేడిమిగనే మిగులును. ఇంట ఒక మానిటరుతో ఇది లెక్కకు రాదు. పదులకొలది మానిటర్లున్న గదిలో మాత్రము లెక్కకు వచ్చును. ఇదియే మనలను పాఠశాల లెక్కకు చేర్చుచున్నది.

పాఠశాల లెక్క

మన భాషపై అభిమానముతో, మన పిల్లలు వెనుకబడరాదను తలంపుతో, ఇటువంటి పాఠశాలలకు పాత కంప్యూటర్లను దానముగా ఇత్తుమని ముందుకు వచ్చు దాతలున్నారు. వారి మనసు గొప్పది. ఐనను, ట్యూబు మానిటర్లను స్వీకరించుటకు ముందు ఈ లెక్కను చూడవలసియున్నది.

ఒక గదిలో 20 మానిటర్లు, దినమునకు 6 గంటలు, సంవత్సరమునకు 220 పనిదినములు అనుకొందము. ఒక్కొక్క మానిటరునకు 1,320 గంటలు. 20 ట్యూబు మానిటర్లకు 1,980 యూనిట్లు, 20 ఎల్.ఇ.డి. మానిటర్లకు 528 యూనిట్లు. ఇండ్లకు గల ఉచిత యూనిట్లు పాఠశాలకు వర్తింపవు. మొదటి యూనిటునుండి ధర చెల్లింపవలసినదే. యూనిటు 8 రూపాయలని లెక్కకు పెట్టుకొన్నచో, ట్యూబులకు సంవత్సరమునకు 15,840 రూపాయలు, ఎల్.ఇ.డి.లకు 4,224 రూపాయలు. భేదము 11,616 రూపాయలు.

వేడిమి మాట. 20 ట్యూబు మానిటర్లు కలిసి 1,500 వాట్లు. చైత్ర వైశాఖములలో గది నడుమ ఒక పెద్ద కరెంటు పొయ్యిని వెలిగించి, దాని చుట్టు పిల్లలను కూర్చుండబెట్టుటయు ఇదియు ఒకటే. ఎల్.ఇ.డి.లు 400 వాట్లతో సరిపెట్టును. గదిని చల్లబరచు యంత్రమున్నచో, ఈ వేడిమిని వెలికి పంపుటకు ప్రతి మూడు యూనిట్లకు సుమారు ఒక యూనిటు అదనముగా కావలెను. ఆ లెక్కన ఏటి భేదము 15,000 రూపాయలు దాటును.

6,000 చొప్పున 20 కొత్త మానిటర్లకు 1,20,000 రూపాయలు కావలెను. విద్యుత్తు ఆదాతో మాత్రమే ఈ ధర తిరిగి వచ్చుటకు పాఠశాలకైనను ఎనిమిది మొదలు పది సంవత్సరములు పట్టును. కావున ఇచటను ఆదా మంత్రము కాదు. ఐనను, ఉచితముగా వచ్చిన 20 ట్యూబులకు పదేండ్లలో కరెంటు ఖర్చే 1,58,400 రూపాయలగుననియు, ఆ పదేండ్లు అవి నిలువవనియు గ్రహించినచో, ఆ దానము ఎంత బరువైనదో తెలియును. ఈ రెంటికి నడుమ మూడవ దారి కలదు. కార్యాలయములు తీసివేయు, వాడిన పలుచని మానిటర్లు తక్కువ ధరకే దొరకును. ట్యూబులైటు గల 35 వాట్లవైనను, ట్యూబుల ఖర్చులో సగమునకు లోపలనే వానిని నడుపవచ్చును. దాతలు ఇరువది ట్యూబులకు బదులు ఇట్టివి పది ఇచ్చినను, పిల్లలకు ఎక్కువ మేలు చేసినవారగుదురు.

కడపటి ఖర్చు

ఆవు ముసలిదైనను ఎరువు నిచ్చును. ట్యూబు మానిటరు చెడిన తరువాత ఇచ్చునది సీసము. ట్యూబు లోపల పుట్టు ఎక్స్-కిరణములు వెలికి రాకుండుటకై వెనుకటి గాజులో సీసమును కలుపుదురు. ఒక్క మానిటరులో అది కిలోకు మించి యుండుట కద్దు. రాగి తీగకొరకు పాత సామానులవారు ట్యూబు మెడను విరుగగొట్టి, గాజును చెరువు గట్టునో, దిబ్బమీదనో పారవేయుదురు. సీసము శరీరమున చేరినచో పిల్లల మెదడునకు ఎక్కువ హాని చేయును. ట్యూబులైటు గల పలుచని తెరలలో కొద్ది మిల్లీగ్రాముల పాదరసము కలదు; ఎల్.ఇ.డి. తెరలలో అదియు లేదు.

మన దేశమున ఎలెక్ట్రానిక్ వ్యర్థములకు ప్రత్యేక నియమములు 2011లో వెలువడి, 2012 మే 1 మొదలు అమలునకు వచ్చెను. 2016లో, మరల 2022లో వానిని సవరించి వ్రాసిరి. కడపటివి 2023 ఏప్రిల్ 1 మొదలు అమలులోనికి వచ్చెను. వీని ప్రకారము ఇట్టి వస్తువులు నమోదైన సంస్థలకే చేరవలెను. పాత సామానులవాడు ఇచ్చు నూరు రూపాయలకు ఆశపడి ట్యూబును వీధిలో పగులనిచ్చుట మన పిల్లలు ఆడుకొను మట్టిలోనికి విషమును పంపుటయే. ఇంకొక మాట: ఆపిన తరువాతను ట్యూబులో విద్యుత్తు కొంతకాలము నిలువయుండును. పిల్లలు దాని మూతను విప్పకుండ చూచుకొనవలెను.

చేయదగినది

మొదటి ప్రశ్నకు జవాబు: లేని ట్యూబును చౌక పేరిట ఇంటికి తేవలదు. దాని మేత ఎక్కువ, మరమ్మతు దుర్లభము, కడకు వదలించుకొనుటయు కష్టము. చేతిలో డబ్బు తక్కువైనచో, వాడిన పలుచని మానిటరును వేయించి చూచి, తెరపై గీతలు మచ్చలు లేవని నిర్ధారించుకొని కొనుడు.

రెండవ ప్రశ్నకు జవాబు: పనిచేయుచున్న ట్యూబును కరెంటు పేరిట మాత్రమే తీసివేయ నక్కరలేదు. వాడినంతసేపు వాడి, గోడ స్విచ్చితో ఆపుచుండుడు. అది మసకబారిననాడు, లేదా మరమ్మతు అడిగిననాడు, ఆ మరమ్మతునకు డబ్బు పెట్టక పలుచనిదానికి మారుడు. అప్పటివరకు ఆ 6,000 రూపాయలు పిల్లవాని పుస్తకములకు, ఫీజులకు ఉపయోగపడును. దినమునకు ఎనిమిది పది గంటలు తెర ముందు పనిచేయువారున్న యింట గాని, బిల్లు మెట్టు అంచున నున్న యింట గాని లెక్క వేరుగా తేలవచ్చును. అట్టివారు ముందుగనే మారవచ్చును.

ఈ లెక్కను మీ పిల్లల చేతనే చేయింపుడు. గత రెండు బిల్లులను, మానిటరు వెనుకటి చీటీని, ఒక కాగితమును వారి ముందుంచుడు. వాట్లు, గంటలు, యూనిట్లు, మెట్టు ధర అను నాలుగు వరుసలను తెలుగులో వ్రాయించి గుణింపజేయుడు. ఆ కాగితమును బడికి పంపినచో, తరగతిలో సరిచూచి తిరిగి మీకు పంపెదము.